కట్టేసిన గది

పొద్దున లేవగానే బొంగరం చేసే మొదటి పని, గది ఎక్కడుందో కనుక్కోవడం.

నోట్లో బ్రష్షుతోనే మేడ మీదికి పరిగెత్తుతుంది. పిట్టగోడ మీంచి సగం ఒళ్ళు బయటికి వంచి, వీధిలో పోతున్న పాలాయన్ని కేకేస్తుంది.

"అన్నా, ఇవాళెక్కడ?"

పాలాయన సైకిలు ఆపడు. ఆపితే క్యాన్లు ఒరిగిపోతాయి. "బ్యాంకు వెనక సందులో ఉందమ్మా. కుట్టుమిషనావిడ గుమ్మం ముందు."

"ఆవిడకేమైంది?"

"ఆవిడకేం కాలేదు. మామగారు మెట్ల మీద జారాడట. నిన్నటిదాకా బెణికిందన్నారు. ఇవాళ గది వచ్చి నిలబడింది, ఇంకేం బెణుకు."

అంతే. పుక్కిలించడం, జుట్టు ముడెయ్యడం, చెప్పులు తొడగడం మూడూ ఒకేసారి అయిపోతాయి. టీ నిలబడి తాగుతుంది, అదీ సగమే.

"ఆ మిగతా సగం తాగి వెళితే ఊళ్ళో ఎవరి కాలూ ఊడిపడదే," అంటుంది అమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి.

"వచ్చి తాగుతానమ్మా."

"నువ్వు వచ్చి తాగుతానన్న టీలన్నీ ఒకచోట పోసుంటే ఈపాటికి అందులో పడవ నడిపేవాళ్ళం."

ఆ మాట వీధి మలుపు దాకా వినపడుతుంది గానీ, దానికి జవాబు చెప్పడానికి బొంగరం అక్కడ ఉండదు. ఆ పేరు పెట్టింది సైకిలు మేస్త్రి. ఉన్నచోట ఉండదనీ, నిలబడితే పడిపోతుందనీ. అసలు పేరు ఉంది, అది ఆమె చదువుకున్న సర్టిఫికెట్లలో భద్రంగా ఉంది. పిలిస్తే పలుకుతుందో లేదో ఎవరూ పరీక్షించలేదు.

గది సంగతి చెప్పాలి. అది ఒకప్పుడు బస్సుల డిపో వెనక అరిగిన టైర్లు పడేసే కొట్టు. రేకుల కప్పు, ఆకుపచ్చ తలుపు, రెండు కిటికీలు. డిపోవాళ్ళు వదిలేస్తే బొంగరం, మేస్త్రి కలిసి బూజు దులిపి, సున్నం కొట్టి, సామాను చేర్చారు. చక్రాల కుర్చీలు, వాకర్లు, చంకకర్రలు, తల వైపు ఎత్తుకునే మంచాలు, మంచాన పడ్డవాళ్ళ ఒళ్ళు పుండ్లు పడకుండా వేసే గాలి పరుపులు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా కావలసినన్నాళ్ళు ఉంచుకోవచ్చు. అద్దె లేదు. కోలుకున్నాక తుడిచి తిరిగివ్వాలి. విరిగితే మేస్త్రి అతుకుతాడు. సైకిళ్ళు బాగుచేసే మనిషికి చక్రాల కుర్చీ ఎంత, ఇంకో రెండు చక్రాలెక్కువ, అంతే కదా.

సామాను చేరిన ఏడాదే గది నడవడం మొదలుపెట్టింది. నడవలేనివాళ్ళ సామాను కోసం నడవలేనివాళ్ళే రావాలంటే ఎలా? ఎవరో ఒకరు నడవాలి. గది నడిచింది. పెద్దాయనెవరో చెప్పులు ఈడ్చుకుంటూ పోతున్నట్టు చప్పుడు వినిపిస్తే, జనం స్కూటర్లు పక్కకు లాగుతారు, గుమ్మం ముందు ఆడుకునే పిల్లల్ని ఎత్తుకుంటారు. ఇరుకు సందుల్లో గది పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని దూరుతుంది. ఎవరికి అవసరమో వాళ్ళ గుమ్మానికి తన గుమ్మం ఆనించి ఆగుతుంది.

దానితో ఒకటే చిక్కు. అది వచ్చి నిలబడితే ఇంట్లోవాళ్ళు ఇక దాచలేరు. సంగీతం మాస్టారి ఇంటి ముందు చాలా రోజులు నిలబడింది. "దారి తప్పింది పాపం, నేను రాయిలా ఉన్నాను," అంటూ ఆయన పక్క కిటికీలోంచి దిగి బజారుకు వెళ్ళొచ్చేవాడు. కిటికీ దిగుతూనే ఒకరోజు పడ్డాడు. పడ్డది గది గుమ్మంలోనే. లేవదీసినవాళ్ళు చంకకర్రలు అందించి మరీ లేవదీశారు.

సామాను ఊరికే ఇవ్వొచ్చు గానీ, ఊరికే రాదు. ఇలాంటి చిన్నా చితకా సంఘాలకు ఏడాదికోసారి కాస్తంత గ్రాంటు ఇచ్చే ట్రస్టు ఒకటుంది. లాభం చూసుకోకుండా నలుగురికి పనికొచ్చే పని చేస్తుంటే చాలు, పెద్ద పెద్ద కాగితాలు అక్కర్లేదు అంటారు. అనడం బాగానే ఉంటుంది. మొదటి ఏడాది ఇచ్చారు, దానితోనే మంచాలూ పరుపులూ వచ్చాయి. పోయినేడాది తనిఖీకి మనిషిని పంపారు. ఆయన వచ్చిన రోజు గది ఊరికి అటు చివర బావి మలుపులో ఉంది. డిపో వెనక ఆయనకు కనిపించింది ఖాళీ నేల. గ్రాంటు రాలేదు.

ఈ ఏడాది మేస్త్రి సైకిలు ట్యూబులు కోసి వాకర్ల కాళ్ళకు తొడుగుతున్నాడు. చక్రాల కుర్చీల్లో సగం కుంటుతున్నాయి. కుంటేవాళ్ళకు కుంటే కుర్చీ ఇచ్చి ఏం లాభం. పరుపులు గాలి నిలపడం లేదు. ఈసారీ గ్రాంటు రాకపోతే తలుపుకు తాళం వెయ్యడమే. ఆ మాట బొంగరం పైకి అనలేదు.

తనిఖీ గురువారం అని కబురొచ్చింది.

సరిగ్గా అప్పుడే గదికి స్థిమితం పోయింది. ఇన్నాళ్ళూ ఒక గుమ్మం ముందు నిలబడితే ఆ పని అయ్యేదాకా కదిలేది కాదు. ఈ మధ్య నడిరోడ్డు మీద కనబడుతోంది. ఒకవైపు బయల్దేరుతుంది, సగం దూరం వెళ్ళి ఆగుతుంది, వెనక్కి వస్తుంది, మళ్ళీ బయల్దేరుతుంది. లోపల కర్రలన్నీ ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి.

"ఎవరో రానివ్వట్లేదు దీన్ని," అన్నాడు మేస్త్రి, చంకకర్రకు రబ్బరు బిగిస్తూ. "మొహం మాడ్చుకుని తిరిగొచ్చే పెళ్ళిచూపులవాడిలా లేదూ?"

"ఎవరు బాబాయ్?"

"నాకేం తెలుసు. దాని వెనక తిరిగేది నువ్వు."

"గురువారం దాకా ఎవరైతే ఏంటి. గురువారం ఇది డిపో వెనకే ఉండాలి. నడిచిందా, మన పని అయిపోయినట్టే."

"చెబితే వింటుందా?"

"వినకపోతే కట్టేద్దాం."

మేస్త్రి పని ఆపి ఆమె వంక చూశాడు. "గదిని?"

"ఆవుని కట్టరా? పడవని కట్టరా?"

"ఆవుకి పాలు పితకాలని కడతారు. దీన్ని పని చెయ్యకుండా ఉండాలని కడుతున్నాం."

"ఒక్క రోజు బాబాయ్. ఒక్క రోజు కట్టేస్తే ఏడాదంతా నడుస్తుంది. నువ్వే చెప్పు, ఏది మేలు?"

కాలేజీలో మైకు ముందు నిలబడి ఎదుటి పక్షాన్ని ఉతికి ఆరేసిన పిల్ల ఆమె. మేస్త్రి ఆ కాలేజీ గేటు బయట పంచరు వేసిన మనిషి. వాదించడు. "తాళ్ళు గట్టివి కావాలి," అన్నాడంతే.

తాళ్ళు ఎక్కడున్నాయో బొంగరానికి తెలుసు.

వాళ్ళ ఇంటినిండా తాళ్ళే. అమ్మ నాలుగు వీధుల బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తుంది. మంచం దగ్గర్నుంచి ఇస్త్రీ బల్లకు ఒక తాడు, బల్ల నుంచి వంటింట్లోకి ఒకటి, వంటింటి నుంచి స్నానాలగదికి ఒకటి. తెల్లటి లావు నూలు తాళ్ళు, నడుమెత్తులో బిగించి, వాటి మీద ఎప్పుడూ దుప్పట్లో చొక్కాలో. బొంగరం రోజుకు పదిసార్లు వాటి కింద నుంచి వంగి దూరుతూ విసుక్కునేది. నెత్తి మీద కట్టొచ్చు కదమ్మా, దారికి అడ్డం అని. పొట్టిదాన్ని, అందొద్దూ అనేది అమ్మ.

బుధవారం సాయంత్రం అమ్మ ఎత్తు స్టూలు మీద కూర్చుని ఎవరిదో చొక్కా కాలరు నొక్కుతోంది.

"అమ్మా, ఈ తాళ్ళు కావాలి. గురువారం అవగానే తెచ్చిస్తా."

"దేనికి?"

"గదిని కట్టెయ్యడానికి."

ఇస్త్రీపెట్టె ఆగింది. చొక్కా కమురు వాసన వచ్చేదాకా ఆగింది. అమ్మ గబుక్కున ఎత్తి పక్కన పెట్టింది.

"గట్టిగా కడతారా?"

"బాబాయ్ కడతాడు. లారీల వాళ్ళ ముడి."

"కడితే ఎటూ పోదు కదా? ఏ ఇంటికీ?"

"అందుకే కదా కట్టేది."

అమ్మ తాళ్ళ వంక చూసింది. మంచం దాకా చూసింది, వంటిల్లు దాకా చూసింది. తరవాత చొక్కా మడతపెడుతూ అంది, "అయితే తీసుకెళ్ళు. అన్నీ తీసుకెళ్ళు. తిరుగుబోతు గది, ఎవరింటి ముందు పడితే వాళ్ళింటి ముందు నిలబడి పరువు తీస్తుంది. బాగా బిగించమను మీ బాబాయిని."

"మరి బట్టలు?"

"కుర్చీల మీద వేసుకుంటాలే. నీ గ్రాంటు కన్నా ఎక్కువా నాకు?"

బొంగరం చకచకా ముడులు విప్పి తాళ్ళు భుజానికి చుట్టుకుంది. తాడు చేతిలో అక్కడక్కడ మరీ నున్నగా తగిలింది. తగిలిందని తెలిసింది గానీ, అప్పటికే ఆమె వీధి మలుపు తిరిగింది. వెనక అమ్మ స్టూలు మీదే కూర్చుని ఉంది. లేవలేదు. ఎప్పుడూ వాకిలి దాకా వచ్చి సాగనంపే మనిషి కాదు గనక, అదీ కొత్తగా అనిపించలేదు.

గదిని డిపో వెనక్కి తోలుకురావడం ఒక ఎత్తయితే, కట్టడం ఇంకో ఎత్తు. మేస్త్రి ముందు నడుస్తూ బుజ్జగించాడు, బొంగరం వెనకనుంచి భుజంతో నెట్టింది. కిటికీ ఊచల్లోంచి తాళ్ళు దూర్చి, డిపో కంచె ఇనప స్తంభాలకు ముడులు వేశారు. గది ఒకసారి లాగి చూసుకుంది. మళ్ళీ లాగింది. రేకులు కిర్రుమన్నాయి. ఆ తరవాత నిశ్శబ్దంగా నిలబడింది. ఆ నిలబడటం బొంగరానికి నచ్చలేదు. తను చిన్నప్పుడు గోడకు మొహం పెట్టి నిలబడమంటే నిలబడిన తీరు అది.

గురువారం పొద్దున ఆమె మేడ ఎక్కలేదు, పాలాయన్ని అడగలేదు. టీ కూడా తాగకుండా, అమ్మ మంచం మీదే ఉండగా, "వెళ్తున్నా" అని గుమ్మంలోంచే అరిచి పోయింది.

తనిఖీ ఆయన చెప్పిన వేళకే వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో సంచి, సంచిలో టేపు. ఒక బూటు కిచకిచమంటోంది. గదిని చూసి, ముందు దాన్ని కాకుండా దాని కింద నేలను చూశాడు.

"పోయినేడాది ఇక్కడ ఖాళీ స్థలాన్ని తనిఖీ చేశానమ్మా. చాలా శుభ్రంగా ఉంది."

"ఈసారి గది ఉంది సార్."

"ఉంది. తాళ్ళు కూడా ఉన్నాయి."

"గాలి ఎక్కువండీ ఈ వైపు," అన్నాడు మేస్త్రి. ఆకు కూడా కదలడం లేదు.

ఆయన లోపలికి వెళ్ళాడు. టేపుతో గోడ కొలిచాడు, మంచం పిడి తిప్పి తల వైపు ఎత్తి దించాడు, ఒక చక్రాల కుర్చీలో స్వయంగా కూర్చుని అటూ ఇటూ పోయి చూశాడు. కుర్చీ కుంటుతోందని ఆయనే అన్నాడు. అందుకే గ్రాంటు అని బొంగరం అంది. గది మూలిగింది. ఆయన కూర్చున్న కుర్చీ ఎవరూ తోయకుండానే మెల్లగా తిరిగి కిటికీ వైపు మొహం పెట్టింది. చూస్తే, కుర్చీలన్నీ అటే తిరిగి ఉన్నాయి, ఎవరో పిలిస్తే విన్నట్టు.

"ఎటు పోవాలంటోంది?" అన్నాడాయన.

"ఎటో ఒకవైపు సార్. దానికి అలవాటు."

"నడిస్తే నడవనీ అమ్మా, నడకకు నేనేం అడ్డం చెప్పను. చిరునామా ఒకటి ఉండాలి. మేం డబ్బు ఇచ్చేది చిరునామాకి. రేపు ఎవరైనా వచ్చి తలుపు తడితే లోపల్నుంచి ఒక మనిషి పలకాలి."

బొంగరం ఇక ఆగలేకపోయింది. "పడిపోయిన మనిషికి చిరునామా ఉంటుంది సార్. మేం దాని దగ్గరికే వెళ్తాం. మాకు వేరే ఎందుకు? చిన్న సంఘాలకు సాయం అంటారు, ఆ చిన్న సంఘానికి మాత్రం స్థిరమైన ఆఫీసు ఉండాలంటారు. చొక్కా ఇస్తాం, ముందు నీ కోటు చూపించు అన్నట్టు లేదూ?"

ఆయనకు కోపం రాలేదు. అదే ఆమెకు ఇంకా ఒళ్ళు మండించింది. "ఆ నియమం నేను రాయలేదమ్మా," అన్నాడు టేపు చుట్టుకుంటూ. "నేను మోసేవాణ్ణి. ఇరవయ్యేళ్ళుగా మోసి మోసి నాకూ మోకాళ్ళు నొప్పే."

గది మళ్ళీ లాగింది. ఈసారి గోడలకు ఆనించిన చంకకర్రలన్నీ ఒక్కసారి నేలకూలాయి. బయట మేస్త్రి గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఈ ముడి జారుతోంది. ఆ కొస పట్టుకో."

ఆమె బయటికి ఉరికి తాడు రెండు చేతులా పట్టుకుంది. కాళ్ళు నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలింది. ఇంకాసేపు, ఆయన సంతకం అయ్యేదాకా, అనుకుంటూ చేతుల కింద తాడు వంక చూసింది.

తాడు మీద మరకలున్నాయి.

బొంగరం వాకరు పిడి చూసి దాన్ని వాడిన మనిషి గురించి చెప్పగలదు. ఏ చేతి మీద బరువు వేశాడో, ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకున్నాడో. చెయ్యి రోజూ పడే చోట నల్లగా, నున్నగా మెరుస్తుంది. తాడు పొడవునా అదే మెరుపు. బట్టల క్లిప్పులు నొక్కిన గుర్తులు ఎక్కడో ఒకటీ అరా. ఈ మరకలు మాత్రం మూడు తాళ్ళ మీదా వరసగా, అంగకొకటి చొప్పున, మంచం నుంచి బల్ల దాకా, బల్ల నుంచి వంటింటి దాకా. అంగలు చిన్నవి. స్నానాలగది వైపు పోయేకొద్దీ ఇంకా చిన్నవయ్యాయి. ఎడమచేతి మరక కుడిచేతి దానికన్నా ముదురు.

అమ్మ పొట్టిదేం కాదు. బొంగరం కన్నా బెత్తెడు ఎత్తు.

"బాబాయ్," అంది. "విప్పు."

"ఇప్పుడా? ఆయనింకా లోపలే..."

"విప్పు బాబాయ్."

మేస్త్రి ఆమె మొహం చూసి ట్యూబులు కోసే కత్తి తీశాడు. "కొయ్యకు," అంది ఆమె. "అమ్మది." పళ్ళతో ముడి పట్టుకుని లాగింది. లారీల వాళ్ళ ముడి పళ్ళకు లొంగేది కాదు. అప్పుడు గది, అంతసేపూ ముందుకు లాగుతున్న గది, అర అడుగు వెనక్కి వచ్చింది. తాడు వదులైంది. ముడులు ఒకటి తరవాత ఒకటి ఊడొచ్చాయి.

"నేను ఇంకా లోపలే ఉన్నాను," అన్నాడు తనిఖీ ఆయన కిటికీలోంచి.

"మంచం పట్టుకోండి సార్," అన్నాడు మేస్త్రి.

గది అంత వేగంగా నడవడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. చెప్పులు ఈడ్చే పెద్దాయన ఆ రోజు పరుగందుకున్నాడు. అరటిపళ్ళ బండి పక్కకు తప్పుకుంది, బస్సు ఆగి దారిచ్చింది. కిటికీలో తనిఖీ ఆయన మంచం ఊచ పట్టుకుని, పోతున్న వీధుల్ని ఒకటొకటిగా చూస్తున్నాడు. గది వెనక ఎప్పుడూ పరిగెత్తే బొంగరం ఆ రోజు గది ముందు పరిగెత్తింది. దారి ఆమెకు తెలుసు. తాళ్ళు భుజం మీద.

అమ్మ ఇస్త్రీ బల్లకూ వంటింటికీ మధ్య నేల మీద ఉంది. సరిగ్గా తాడు ఉండాల్సిన చోట. ఒక చెయ్యి ఇంకా పైకి చాచి ఉంది. ఇస్త్రీపెట్టె వైరు గోడలోంచి ఊడి ఆమె పక్కనే పడుంది. పడుతూ పడుతూ అది మాత్రం లాగింది.

"చొక్కాలు కాలలేదు," అంది అమ్మ.

"అమ్మా."

గుమ్మం దగ్గర గీరిన చప్పుడైంది. గది పక్కకు తిరిగి, పొట్ట పీల్చుకుని, సందులో దూరి, తన గుమ్మాన్ని వాళ్ళ గుమ్మానికి ఆనించింది.

"వచ్చిందా దిక్కుమాలింది," అంది అమ్మ. "గట్టిగా కట్టమన్నాను కదే."

"ఎప్పుడు పడ్డావు?"

"పాలాయన వచ్చి వెళ్ళాక."

"ఆ తాళ్ళు ఎప్పట్నుంచి?"

"బట్టలు ఆరేసుకోవడానికి..."

"అమ్మా."

అమ్మ పైకప్పు వంక చూసింది. "చలికాలం నుంచి. ఎడమకాలు చెప్పిన మాట వినడం మానేసింది. నీ పోలికే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంట్లో కూర్చుంటావు. నువ్వు పని మానుకుని ఎదురుగా కూర్చుని నా మొహం చూస్తుంటే నా రెండో కాలు కూడా పడిపోతుంది." నొప్పికి మాట ఆగింది. "ఆ గది మలుపు దాకా రోజూ వస్తూనే ఉంది. కిటికీలోంచి చీపురు చూపించి తరిమాను."

బొంగరానికి అనాల్సినవి చాలా ఉన్నాయి. మైకు ముందైతే బల్ల గుద్ది చెప్పేది. ఊరందరి పిడుల మీద చేతి మరకలు చదివిన మనిషి, రోజుకు పదిసార్లు ఆ తాళ్ళ కింద నుంచి దూరింది. ఎవరి మీద బల్ల గుద్దాలి? ఆమె నేల మీద కూర్చుని అమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. అలవాటుగా మోకాలు ఆడబోయింది. అమ్మ తల కదులుతుందని ఆపుకుంది.

తనిఖీ ఆయన గుమ్మంలో బూట్లు విప్పి లోపలికొచ్చాడు. మేస్త్రి ఒకవైపు, ఆయన ఒకవైపు పట్టుకుని గదిలోంచి మంచం దించారు. దుప్పటి నాలుగు కొసలూ పట్టి అమ్మను దాని మీదికి చేర్చారు. వీధి చివరి డాక్టరమ్మ వచ్చి చూసింది. తుంటి విరగలేదు, కమిలింది. కాలి సంగతి వేరు. నడుములో నరం నొక్కుకుపోయింది, ఇప్పుడు మొదలుపెడితే మందులతో, రోజూ కసరత్తుతో చాలావరకు దారికొస్తుంది, ఇంకో చలికాలం దాచి ఉంటే నేనేం చెయ్యగలిగేదాన్ని కాదు అంది.

డాక్టరమ్మ వెళ్ళింది. తనిఖీ ఆయన సంచి తీసుకుని నిలబడ్డాడు.

"రాసుకోండి సార్," అంది బొంగరం, తలెత్తకుండా. "తనిఖీ సమయానికి చెప్పిన చోట లేదని. మీరు చూస్తుండగానే పోయిందని."

"నేను చూస్తుండగా కాదమ్మా. నేను అందులో ఉండగా." ఆయన గొంతు సవరించుకున్నాడు. "లేదన్నది నిజమే. అబద్ధం రాయలేను."

"బాబూ," అంది అమ్మ మంచం మీంచి. "మీకు కదలనిది కావాలి. అంతేనా?"

"అంతేనమ్మా. తలుపు తడితే పలకాలి."

"ఈ ఇల్లు కదలదు. ఆ ఇస్త్రీ బల్ల కదపాలంటే నలుగురు మనుషులు కావాలి. నేనూ ఇప్పట్లో కదలను. గది ఎక్కడుందని ఎవరొచ్చి అడిగినా చెబుతాను, పాలాయన కిటికీ దగ్గర ఆగి చెప్పి పోతాడు. పలకడమంటారా, నా గొంతు వీధి మలుపు దాకా వినపడుతుంది. కావాలంటే దీన్నడగండి."

"వినపడుతుంది," అంది బొంగరం.

తనిఖీ ఆయన ఇస్త్రీ బల్ల వంక చూశాడు. "నియమంలో చిరునామా అనే ఉంది," అన్నాడు మెల్లగా, తనకు తనే చదివి వినిపించుకుంటున్నట్టు. "సామాను అక్కడే ఉండాలని లేదు." సంచిలోంచి టేపు తీశాడు. ముందుగది కొలిచాడు. వంటిల్లు కొలిచాడు. ఎందుకైనా మంచిదని ఇస్త్రీ బల్ల కూడా కొలిచాడు. బూట్లు తొడుక్కుంటూ మేస్త్రిని అడిగాడు, "ఈ కిచకిచ పోతుందంటారా?"

"చుక్క నూనె పని. కూర్చోండి."

గ్రాంటు వచ్చింది. అడిగినంత రాలేదు, చక్రాలకూ పరుపులకూ సరిపోయింది. గదికి స్థిమితం చిక్కింది. మూడు రోజులు వాళ్ళ గుమ్మం ముందే ఉండి, అమ్మ వాకరు పట్టుకుని మొదటిసారి వంటింటి దాకా వెళ్ళొచ్చాక, బావి మలుపు వైపు వెళ్ళింది. వాకరు మాత్రం అమ్మ ఊరికే తీసుకోలేదు. అందరిలాగే తన పేరు రాయించి తీసుకుంది.

ఇప్పుడు పొద్దున్నే జనం ఆ కిటికీ దగ్గరికే వస్తారు. అమ్మ స్టూలు మీద కూర్చుని, చొక్కాలు నొక్కుతూ, గది ఎక్కడుందో చెబుతుంది. తనే ఎదురు ప్రశ్నలు కూడా వేస్తుంది. "బెణికిందా? ఏదీ, ఇటు నడిచి చూపించు. గది వచ్చి చెప్పేదాకా ఆగుతావా?" అంటుంది. దాచిపెట్టేవాళ్ళ నడక ఆమెకు బాగా తెలుసు. ఆవిడ కన్ను తప్పించుకున్నవాళ్ళు తక్కువ. సాయంత్రాలు వాకరుతో మలుపు దాకా వెళ్ళొస్తుంది, దారిలో ఎవరైనా పలకరిస్తే ఆఫీసు మూసేశానని చెబుతుంది.

బొంగరం మేడ ఎక్కడం మానేసింది. టీ కూర్చుని తాగుతుంది, మొత్తం. బల్ల కింద ఒక మోకాలు మాత్రం ఆడుతూనే ఉంటుంది. వీధిలో చెప్పులు ఈడ్చిన చప్పుడు వచ్చి కిటికీ దగ్గర ఆగుతుంది, రేకులు ఓసారి కిర్రుమంటాయి.

"ఉండవే, పిల్లని టీ తాగనీ," అంటుంది అమ్మ బయటికి చూసి.

గది ఆగుతుంది.

ఇంట్లో తాళ్ళు మళ్ళీ కట్టారు. ఈసారి నెత్తి మీద, బొంగరం చెయ్యి చాపితే అందేంత ఎత్తులో. వాటి మీద బట్టలు ఆరుతున్నాయి. బట్టలే.